పంక్తి లేని పెళ్లి భోజనం

పెళ్లి పంక్తిలో నేను కావాలనే మెల్లగా తింటాను. మా ఆవిడ విసుక్కుంటుంది.

చాలా ఏళ్ల కిందట, బంగారు గనులున్న మారికుప్పంలో బంగారుపేట రైలెక్కాను. ఎదురు సీట్లో ఒక ముసలాయన ఇడ్లీ పొట్లం విప్పి, ఒక ముక్క తిని, ఊపిరి అందేదాకా ఆగి, మళ్లీ ఇంకో ముక్క తుంచుతున్నాడు. మనవరాలి పెళ్లికి వంటవాళ్లను మాట్లాడటానికి పోతున్నాడట.

"ప్లేట్లో బిరియానీ, పెరుగన్నం. ఎవురికి యాడ బాగుంటే ఆడ కూర్చోని తినేది" అన్నాడు.

"పెళ్లన్నాక ఆకులేసి పంక్తి పెట్టొద్దా?" అన్నాను, కాస్త చిరాగ్గానే.

"పంక్తిలో అందురూ తినేదాకా ఎవురూ లేయకూడదు కదప్పా. మా కంపెనీ లైన్ ఇండ్లల్లో నా ఈడోళ్లంతా గని దుమ్ము మింగినోళ్లే. ముద్దముద్దకీ ఊపిరి తీసుకోవల్ల. పోయిన పెండ్లిలో అందురూ తినేసి మా మొగాలే చూస్తా ఉన్యారు. సిగ్గయి, సగంలోనే ఆకులు మడిచేసినాం. ఆకలితోనే ఇంటికి పోయినాం."

బంగారుపేట ఇంకా రాకముందే, పైనున్న సంచీ కోసం లేచి నిలబడ్డాను.

నన్ను చూసి ఆయన గబగబా పొట్లం మడిచేశాడు. అందులో ఇంకా రెండు ఇడ్లీలున్నాయి.