గంప మీది చక్రం

ఆ రోజుల్లో చేతికి కొత్తగా టచ్ ఫోను వచ్చిన ప్రతి కుర్రవాడూ ఏదో ఒకదాంట్లో పండితుడే. మా వీధిలో ఒకడు గుండెజబ్బులకు మందులు చెప్పేవాడు, ఇంకొకడు ఉదయగిరి కొండ మీద నిధి ఎక్కడుందో మ్యాపులో వేలు పెట్టి చూపించేవాడు. నేను పాతకార్ల స్పోకుల చక్రాల పండితుణ్ణి. ఆత్మకూరు బస్టాండు దగ్గర స్పేర్ పార్టుల అంగట్లో పనికి చేరి ఆరు నెలలైంది. సైకిలు చక్రంలా సన్నని స్పోకులుండే ఆ పాత చక్రాల ఫొటోలు రాత్రీ పగలూ చూసి, ఏ చక్రం ఏ బండిదో కళ్ళు మూసుకుని చెప్పగలనని నమ్మేశాను. (కళ్ళు తెరిచి చెప్పమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.)

మా నాయన ఉదయగిరిలో ఒక పెద్దింటివాళ్ళ కారుకు జీవితమంతా డ్రైవరు. కారు ముసలిదై ఆగిపోయాక వాళ్ళు దాన్ని నాయనకే వదిలేశారు. షెడ్డులో మూడు చక్రాల మీద, వెనక ఒక మూల రాళ్ళ మీద నిలబడి ఉండేది. నాయన రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేవాడు. (తనను ఏనాడైనా అంత శ్రద్ధగా పలకరించాడా అని మా అమ్మ అడిగేది.) ఇంతలో షెడ్డున్న స్థలం అమ్ముడుపోయింది. సోమవారానికల్లా ఖాళీ చెయ్యాలి, లేకపోతే కారు పాత ఇనుము లారీ ఎక్కుతుంది. వీధి చివర మా మామ దొడ్లో చోటుంది గానీ, అక్కడిదాకా తోసుకుపోవాలంటే నాలుగో చక్రం కావాలి. "ఈడ్చుకపోతే ఇరుసు ఇరిగిపోతాది. పోతే నాలుగు చక్రాల మీద పోవాల" అన్నాడు నాయన.

ఆ చక్రం ఎక్కడుందో ఆయనకు తెలుసు. పెద్దింటివాళ్ళకు రెండు కార్లుండేవి. రెంటివీ చెరో చక్రం ఎప్పుడో మర్రిపాడు వైపు గొర్రెలు మేపుకునే ఒక అవ్వకు ఇచ్చేశారు. "ఒకటి మనది, ఒకటి చిన్నకారుది. చూసేదానికి రెండూ ఒకటే. మనదానికి అరవై స్పోకులు, దానికి నలభై ఎనిమిది. లెక్కబెట్టి తీసుకో రా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నాకా చెప్పేది!

శుక్రవారం పోయాను. అక్కడ పగలు తల్లిగొర్రెలు మేతకు వెళితే, కొత్తగా పుట్టిన పిల్లల్ని పెద్ద గంపల కింద మూసిపెడతారు. కుక్కలు గంపను దొర్లించకుండా పైన బరువు పెడతారు. అవ్వ దగ్గర రెండు గంపలు, వాటి మీద రెండు చక్రాలు, రెంటికీ పసుపూ కుంకుమా. "పిల్లలన్నిట్నీ ఒక గంపలోకి సర్దుకుంటాలే. ఒకటి ఎత్తుకపో అబ్బయా, రెండోది మాత్రం ఇయ్యను" అంది. నేను ఒంగి, వేలు పెట్టి, "ఒకటి, రెండు, మూడు..." అన్నానో లేదో, "ఆపు! ఏందిరా అది? పిల్లల కాడ నిలబడి లెక్కబెడతావా? మంద నిలస్తాదా ఇంక?" అని కేక పెట్టింది. "పిల్లల్ని కాదవ్వా, స్పోకుల్ని." "ఏదైతే ఏంది? లెక్క లెక్కే. మందలో ఎన్నుండాయో మా ఆయన చచ్చేదాకా నోటితో చెప్పలా." సరే, మనసులో లెక్కబెట్టుకుందామని చూశాను. "పెదాలు కదులుతుండాయి" అంది.

రెండు చక్రాలూ అల్లంత దూరం తీసుకుపోయి చూసుకుంటానంటే సరిపోయేది. ఆ మాత్రం బుద్ధి పండితులకు ఉండదు. "లెక్క దేనికవ్వా, కంటితో చెప్పేస్తా" అన్నాను. రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, తల ఒక పక్కకు వాల్చి, కొంచెం మెరుస్తున్నదాన్ని ఎంచుకున్నాను.

బస్సులో చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పసుపూ కుంకుమా చూసి ఒకావిడ కళ్ళకద్దుకుంది. అప్పుడు లెక్కబెట్టాను. నలభై ఎనిమిదొచ్చింది. మళ్ళీ పెడితే యాభై ఒకటి. స్పోకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి, గతుకుల రోడ్డు, కన్ను నిలవదు. పక్కాయన సాయానికొచ్చి యాభై ఆరన్నాడు. ఏ.యస్. పేట దర్గాకు పోతున్న ముసలాయన ఓపిగ్గా లెక్కబెట్టి నలభై నాలుగన్నాడు. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి అరవై రెండు తేల్చాడు. అందరివీ కలిపి చూస్తే అరవైకి దగ్గరగానే ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

నాయన చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, వాల్వు బొక్క దగ్గర ఒక వేలు ఆనించి, అక్కణ్ణించి రెండో చేత్తో ఒక్కో స్పోకునూ పట్టుకుని వదులుతూ చుట్టూ తిరిగొచ్చాడు. "నలభై ఎనిమిది. ఇది చిన్నకారుది రా" అన్నాడు. అయినా ఆశ చావక బిగించి చూశాం. నడిమి హబ్బు లోపలి పళ్ళు ఇరుసు పళ్ళకు పట్టలేదు. శనివారం తెల్లారేసరికి మర్రిపాడులో ఉన్నాను. అవ్వ లేదు, గంపలు లేవు, మంద మేత కోసం సోమశిల వైపు దిగిపోయింది. ఆ రోజూ మర్నాడూ పెన్న పక్క పొలాలన్నీ తిరిగాను. కనపడిన ప్రతివాడూ "ఎన్ని గొర్రెలుండే మంద?" అని అడిగాడు. నేనేం చెప్పను?

సోమవారం లారీ వచ్చింది. ఇనుముగా పోయేదానికి ఇంక ఇరుసు విరిగినా ఒకటేనని, వెనక మూల కింద పలక వేసి, పదిమంది కలిసి ఈడ్చారు. నాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "దిగు నాయనా" అంటే, "ముందు చక్రాలు తిప్పేదానికి ఒకడు ఉండాల గదరా" అన్నాడు. లారీ దాకా స్టీరింగు మెల్లగా తిప్పుతూనే వచ్చాడు. దిగాక చేతులు తుడుచుకుని ఇంట్లోకి పోయాడు. ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే తుడిచే గుడ్డ పట్టుకుని వాకిట్లోకొచ్చి, ఏం చెయ్యాలో తెలియక, నా సైకిలు తుడిచేవాడు. నాయన పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

ఇప్పుడు నాకు చక్రాల మనిషినని నిజంగానే కాస్త పేరుంది. చెన్నై నుంచి, బెంగుళూరు నుంచి ఫొటోలు పంపి ఇది ఏ బండిదని అడుగుతారు. వాల్వు దగ్గర వేలు పెట్టి లెక్కబెట్టి, హబ్బు లోపలి పళ్ళు కూడా ఫొటో తీసి పంపమంటాను. ఇంతవరకు తప్పు చెప్పలేదు. నాలుగూ దొరికాక కొందరు కారు గేటు దాటి రోడ్డెక్కే వీడియో కూడా పంపుతారు. పని మానుకుని చివరిదాకా చూస్తాను, ఒక్కోసారి రెండోసారీ చూస్తాను. స్టీరింగు దగ్గరున్న మనిషి మలుపులో కొంచెం తొందరపడ్డాడని, నాయనైతే ఇంకా మెల్లగా తిప్పేవాడని అనిపిస్తుంది. మా ఆవిడ తొంగిచూసి, "ఎవరిదబ్బా ఆ కారు, అంతగా చూస్తుండావు?" అంటుంది.

"మనది కాదులే" అని నవ్వేస్తాను.