మా బావ చూసిన బాల్డ్ ఈగిల్

మా బావ బాపురావు కంటికి చిన్న పక్షి ఒక్కటీ ఆనదు. పావురాన్ని చూస్తే డేగ అంటాడు, డేగను చూస్తే గద్ద అంటాడు, మామూలు గద్ద కనిపించిందా, రాజగద్ద అని ఊరంతా చాటుతాడు. ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం. వారమంతా ఇతరుల పనిలో తప్పులు పట్టి, శనివారం తన తప్పులు తాను చేసుకోవడానికి మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పక్షుల క్లబ్‌కు బయలుదేరతాడు. మరదలిని కాబట్టి ఈ మాత్రం అనే హక్కు నాకుంది.

క్లబ్ వాళ్లు మర్యాదస్తులు. బావ ఏం చెప్పినా క్లబ్ పెద్ద డోరీన్ "కావచ్చు, బాపూ" అని చిరునవ్వు నవ్వేది. అది మెచ్చుకోలనుకుని ఎన్నాళ్లో మురిసిపోయాడు పిచ్చి మారాజు. మా అక్క విమల జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టు. ఒకరోజు ఉండబట్టలేక చెప్పేసింది.

"ఇక్కడోళ్లు కావచ్చు అన్నరంటే కాదనే. మా సర్జరీల రోజూ వింటున్న."

ఆ రోజు బావ మొహం చూసి నాకే జాలేసింది. అప్పట్నుంచి ఆయనకు ఒకటే పంతం: ఒక్క పక్షి, ఒక్కటంటే ఒక్కటి, తను చూశానంటే క్లబ్ నమ్మాలి. టీవీ మానేసి రెక్కలూ తోకలూ చదవడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు ముగ్గురం ఊరి బయటి చెరువుకు వెళ్లాం. నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీల రోటాలో ఆ శనివారమే సెలవు రావడం నా ఖర్మ. చలికి తిట్టుకుంటూ నేను ఫ్లాస్కులోంచి చాయ్ పోస్తుంటే, చెరువు అవతల ఎండిన చెట్టు మీద ఏదో కదిలింది. బావ బైనాక్యులర్స్ ఎత్తాడు. ఒకటికి రెండుసార్లు చూశాడు. ఆయన విషయంలో అదే పెద్ద వింత.

తర్వాత గుసగుసగా అన్నాడు: "తల తెల్లగుంది. తోక గూడ తెల్లగుంది. ముక్కు పసుపుపచ్చగ, ఇంత లావు. స్కాట్లాండ్ల ఉండే సముద్రపు గద్దకైతే తోకే తెలుపు, తల పాలెక్కువైన చాయ్ లెక్కుంటది. ఇది బాల్డ్ ఈగిలే పిల్లా! అమెరికా పక్షి! విమలా, ఫొటో దియ్యి!"

ఫోన్ అక్క చేతిలో ఉంది. అక్కకు కనిపించింది మాత్రం వేరు. తెల్ల తల, ముదురు రంగు ఒళ్లు: కరీంనగర్‌లో మా ఇంటి మీద తిరిగితే అమ్మ మమ్మల్ని వాకిట్లోకి పిలిచి దండం పెట్టించిన గరుడ పక్షి. పైగా శనివారం.

"గరుత్మంతుడు!" అంటూ అక్క రెండు చేతులూ జోడించింది.

ఫోన్ కాస్తా చెరువులో బుడుంగుమంది. పక్షి పలకల్లాంటి రెక్కలు చాచి లేచిపోయింది. అక్క ఖాళీ చేతులతో చెంపలేసుకుంటూనే ఉంది.

"ఫోన్ ఏదే?" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

"దేవుడు కనవడ్డంక ఎవరన్న ఫోన్ వట్టుకుంటరా?"

నా ఫోనూ బావ ఫోనూ కారులో ఉండిపోయాయి. సాయంత్రం క్లబ్‌లో నేనూ సాక్ష్యం చెప్పాను. మరదలి సాక్ష్యం ఎవరిక్కావాలి? డోరీన్ మా ముగ్గురినీ దయగా చూసి, "కావచ్చు, బాపూ" అంది. నాకు ఒళ్లు మండింది. బావ ఇంటికొచ్చి ఆవకాయ లేకుండా అన్నం తిన్నాడు, అదీ సగమే. ఆయన్ని అలా చూడలేకపోయాను.

కొద్దిరోజులకు డోరీనే ఫోన్ చేసింది. పక్క కౌంటీలో పక్షుల ప్రదర్శన కేంద్రం ఒకటుంది. గాలివానకు పంజరం కప్పు లేచిపోయి వాళ్ల బాల్డ్ ఈగిల్ ఎగిరిపోయిందట. "ఎక్కడ చూశావు, బాపూ? నువ్వు చెప్పింది నిజం. క్షమించు." బావ ఫోన్ పెట్టేసి స్నానాలగదిలోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

శనివారం క్లబ్బంతా ఆయన వెనకే నడిచింది. పక్షి ఆ చెట్టు మీదే ఉంది. కేంద్రం మనిషి చేతికి తోలు తొడుగు వేసుకుని, చచ్చిన కోడిపిల్లను చూపించి ఈల వేశాడు. అంత పక్షీ వచ్చి బుద్ధిగా చేతి మీద వాలింది. అక్క మొహం తిప్పుకుంది. "పాములు దినే గరుడునికి కోడిపిల్లనా?" అని ఆమె బాధ.

పెంపుడు పక్షి కాబట్టి క్లబ్ లెక్కల్లోకి రాదని ఒక పెద్దమనిషి మొదలుపెట్టాడు. నేను ఆయనతో తగువుకు దిగబోతుంటే, దూరంగా మబ్బుల కింద నల్లగా ఏదో చక్కర్లు కొట్టింది.

"అదేమిటంటావు, బాపూ?" అంది డోరీన్.

అందరూ బావ వైపు తిరిగారు. వచ్చిన పేరు నిలబడిందో లేదో, ఇప్పుడు ఏ నిప్పుకోడి అంటాడో! బావ చూశాడు, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నాకు తెలియడం లేదు" అన్నాడు.

"నాకూ తెలియడం లేదు" అంది డోరీన్. తన టెలిస్కోప్ ముందునుంచి పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. బావ వంగి కన్ను ఆనించాడు.