ముక్కు లేని లారీ

మా మేనమామ ముప్పై ఏళ్లు ముక్కు లారీ నడిపాడు. ముందు పొడవాటి బానెట్, వెనక ఆయన సీటు. సూది బెజ్జం చూపిస్తే అందులోంచి కూడా లోడుతో సహా దూరుస్తాడని నేను ఊరంతా కోతలు కోసేవాణ్ణి. బడి మానేసి ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నవాణ్ణి, నాకు వేరే గొప్పలేముంటాయి?

కంపెనీ ఆ లారీ అమ్మేసి, ఇంజను సీటు కింద ఉండే బల్లపరుపు మొహం లారీ కొంది. వీధిలోంచి గేటులోకి తిప్పగలిగితేనే ఉద్యోగం అన్నాడు మేనేజరు. పాత బండికి ముందు చక్రాలు డ్రైవరుకి ముందుండేవి. దీనికి సరిగ్గా ఆయన కిందే ఉన్నాయి. అందుకని వీధిలో గేటు దాటి ఇంకాస్త పోయాకే స్టీరింగు తిప్పాలి.

"ఇంకా ముందుకి పో మావయ్యా!" అని అరిచాను.

"నాకే నేర్పుతున్నావురా, బడి దొంగా?" అని నవ్వాడు.

వెనక చక్రం గేటు స్తంభాన్ని గీకింది. మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ ఆయన చేతులు ముందే తిరిగాయి.

నెమ్మదిగా దిగి, తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వు తిప్పరా అల్లుడూ."

నేను ఒక్కసారికే లోపలికి తెచ్చాను. మావయ్య ఒక్కడే చప్పట్లు కొట్టాడు.