వెలిసిన జమునియా

తమ్ముడు పోయిన పదకొండో రోజున నేను అమ్మకు ఒక నిజం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడు రోజూ అనుకుంటాను. ముప్ఫై ఏళ్లు రైల్వే పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. తప్పు కంటబడితే దిద్దకుండా ఊరుకోలేను. నోటికి తాళం వేసుకోవే అని తమ్ముడు ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు.

వాడు ఇక్కడే, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. నేను పెళ్లి చేసుకోలేదు, వాడి పెళ్లి నిలవలేదు. అమ్మా మేమిద్దరం ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. వాడికి తాగుడు. లివర్ పాడైంది, ఇక చుక్క ముట్టుకుంటే నా చేతుల్లో ఏమీ లేదని డాక్టరు తేల్చి చెప్పిన మర్నాడే అమ్మ గోల్‌బజార్ వెళ్లింది. అక్కడ రాళ్ల ఉంగరాలు చేసే బెంగాలీ పెద్దమనిషి ఉన్నాడు. ఈ ఊళ్లో బెంగాలీల చేతులు చూస్తే ఒక్కో కష్టానికి ఒక్కో రాయి కనిపిస్తుంది. మూడు తరాలుగా వాళ్ల మధ్య బతుకుతున్నాం, ఆ అలవాటు మాకు మాత్రం అంటుకోకుండా ఉంటుందా?

ఆయన జమునియా ఇచ్చాడు. నేరేడుపండు రంగు రాయి. ఇంగ్లీషులో అమెథిస్టు అంటారు. శనికి నీలం పెట్టాలి గానీ నీలం అందరికీ పడదు, ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, పైగా తాగుడు మాన్పిస్తుంది అన్నాడట. ఆ మాట ఆయన పుట్టించింది కాదు. ఆ రాతి గిన్నెలో తాగితే మత్తు ఎక్కదని పూర్వం గ్రీకులు కూడా నమ్మేవారు. వెండిలో పొదిగించి, శనివారం పూట అమ్మ వాడి మధ్యవేలికి తొడిగింది.

నేను ఊరుకుంటానా? "ఇది ఉత్త స్ఫటికమమ్మా. ఇసుకలో ఉండీ సరుకే. రవ్వంత ఇనుము కలిసి, బూమిలో రేడియేషన్ తగిలి ఈ రంగొచ్చింది. బాగా కాలిస్తే పసుపైపోద్ది, అప్పుడింకో పేరెట్టి అమ్ముతారు" అన్నాను.

అమ్మ ఒక్క ముక్కే పట్టుకుంది. "ఇనుమా? మరి శనికి ఇనుమే గదేటే!"

తమ్ముడు పడీపడీ నవ్వాడు. సైన్సు టీచరుకి సున్నా మార్కులు అన్నాడు.

వర్క్‌షాపులో మెషిన్ల దగ్గర ఉంగరం పెట్టుకోనివ్వరు, వేలు పోతుంది. అందుకని పొద్దున్న డ్యూటీకి వెళ్తూ తీసి అమ్మకిచ్చేవాడు, సాయంత్రం వచ్చి తొడుక్కునేవాడు. పగలంతా అమ్మ దాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టి పెరటి గోడ మీద ఎండలో ఉంచేది. మా పూర్వీకులది అరసవల్లి దగ్గర ఊరు. సూర్యనారాయణమూర్తికి చూపించనిదే ఏ వస్తువుకీ బలం రాదని అమ్మ నమ్మకం. ఊరగాయ జాడీ నుంచి పసిపిల్లల ఒళ్లు దాకా అన్నీ ఎండ చూడాల్సిందే. గోల్‌బజార్ ఆయన చెప్పిన నియమాల్లో ఇది లేదు. ఇది అమ్మ సొంతంగా కలిపింది.

వాడు నిజంగానే మానేశాడు. డాక్టరు భయమో, అమ్మ ముఖమో, ఏదైతేనేం. రెండు వేసవులు గడిచేసరికి నేరేడు రంగు కాస్తా తగ్గి, ఉల్లిపొర రంగుకి వచ్చింది. అమ్మ సంబరంగా పళ్లెం తెచ్చి చూపించింది. "ఎలిసింది సూడే! ఆడి ఒంట్లో ఇసమంతా ఇదే లాగీసింది."

మా మాటలో వెలవడానికి ఎన్ని అర్థాలో. బట్ట రంగు పోతే వెలిసిందంటాం, వాన ఆగితే వెలిసిందంటాం, కొండ మీద దేవుడు కనిపిస్తే ఆయనా వెలిశాడనే అంటాం. అమ్మ ఏ అర్థంలో అందో ఆమె కళ్లు చూస్తే తెలిసింది. అమెథిస్టు ఎండకి రంగు పోతుందని నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడు నన్ను వంటింట్లోకి లాక్కుపోయాడు.

"సెప్పకప్పా. రాయి రంగు పోతే పోనీ, అమ్మ మొకానికి రంగొచ్చింది" అన్నాడు. అప్ప అంటే మాలో అక్క. ఆ పిలుపుతో వాడు నా చేత ఏదైనా చేయించుకునేవాడు. ఆ ఒక్కసారీ నోరు మూసుకున్నాను.

ఆ చలికాలంలో వాడు మళ్లీ తాగాడు. ఎందుకో అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో తెలివి లేకుండా ఉండి, కన్నుమూశాడు.

పదకొండో రోజు చుట్టాలందరూ వెళ్లాక అమ్మ ఆ ఉంగరం పట్టుకుని కూర్చుంది. అప్పటికి అది ఉత్త గాజుముక్కలా ఉంది. "ఇది ఇంత పని సేసింది. ఆడే దీని మాట నిలబెట్టనేదు. పాపిష్టోడు, సేతులారా పోనాడు" అంది.

చచ్చిపోయినవాణ్ణి తిడుతుంటే నాకు ఒళ్లు మండింది. వాడి తరఫున మాట్లాడ్డానికి ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? "ఆణ్ణేటీ అనకు! రాయి ఏ పనీ సెయ్యనేదు. ఎండకి రంగు పోనాది, అంతే. రోజూ నువ్వే ఎండలో ఎట్టినావు గదా!" అని అరిచాను.

రాళ్లకు శక్తి లేదని చెప్పాననుకున్నాను. అమ్మకు వినిపించింది అది కాదు. చాలాసేపు ఉంగరాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అయితే దాని బలం నానే తీసీసినానన్నమాట" అంది.

ఆ తర్వాత ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇనుము గురించి చెప్పాను, లివర్ గురించి చెప్పాను, కాళ్లు పట్టుకుని చెప్పాను. ఏడాది దాటింది. అమ్మ సూర్యుడికి దండం పెట్టడం మానేసింది. పెరటి తలుపు తియ్యదు. బట్టలు నేనే ఆరేస్తున్నాను. అన్నం ముందు కూర్చుని, ఎవరో అడిగినట్టు, "నాకు తెల్దు గదా" అంటుంది.

చివరికి గోల్‌బజార్ ఆయన దగ్గరికి వెళ్లి, ఒక్క అబద్ధం చెప్పి పుణ్యం కట్టుకోమని బతిమాలాను. పోయిన నెల ఆయన వచ్చాడు. "మాసీమా, రాయి పని పూర్తయితేనే రంగు వదుల్తుంది. ఎండలో పెట్టడం మంచిదే" అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి, బెంగాలీలో నిదానంగా చెప్పాడు. అమ్మ ఆయనకు టీ ఇచ్చింది. అన్నీ వింది. గుమ్మందాకా సాగనంపింది కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిరిగొచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఆ బెంగాలీ దాదా మంచోడే. నామీద జాలితో అలగన్నాడు. నువ్వు పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ నాతో ఒక్క అబద్దం ఆడనేదు. నాను నీ మాటే నమ్ముతానమ్మా."