లొరైన్ కోరుకున్న సున్నా

ఆదివారం మధ్యాహ్నం గ్యారేజీ షట్టరు ఎత్తగానే ముందు ఆ వాసన ఎదురొస్తుంది. హాకీ గ్లవ్స్ వాసన. ఎండలో ఆరబెట్టినా, లోపల బేకింగ్ సోడా చల్లినా పోదు. తడిసిన తోలు, పాత చెమట, స్కేటింగ్ రింకులో పరిచే రబ్బరు చాపలు అన్నీ కలిసిన వాసన అది. "ఆ బ్యాగు ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతా" అని మా ఆవిడ సుజాత తేల్చి చెప్పేసింది. అందుకని మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా గ్యారేజీ సగం కారుది, సగం ఆ బ్యాగుది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే చెవిలో ఒక గొంతు మోగుతుంది. అచ్చమైన ఆస్ట్రేలియా యాసలో, అచ్చమైన తెలుగు మాట. "వెనకా! స్రిడ్డో, వెనకా!"

ఆ గొంతు లొరైన్‌ది. స్రిడ్డో అంటే నేను, శ్రీధర్‌ని. ఇక్కడ ఎవరి పేరునూ పూర్తిగా పలకనివ్వరు. అరవై దాటిన మనిషి లొరైన్. హెల్మెట్ కింద నుంచి వెండి జడ ఒకటి వీపు మీద ఊగుతూ ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకి ఈత నేర్పింది. కొలను ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున ఉన్న పిల్లవాడు ఆగిపోవాలి కాబట్టి, ఆమె గొంతు అలా తయారైంది. మా జట్టులో డిఫెన్స్ ఆడేవాళ్ళలో నా జోడీ ఆమె.

నలభై దాటాక నేను మంచు మీదికి ఎక్కడం అనుకోకుండా జరిగింది. మా అమ్మాయి అన్విని స్కేటింగ్ క్లాసులో చేర్పించాం. చలిలో బల్ల మీద కూర్చుని వణికే బదులు పక్కనే పెద్దవాళ్ళ క్లాసులో చేరాను. అన్వి ఒక టర్ము ఆడి మానేసింది. నేను మానలేదు. ఐస్ హాకీలో గోల్ కాసే గోలీ కాక ఐదుగురు ఆడతారు. ముగ్గురు ముందుకెళ్ళి గోల్ కొట్టాలని చూస్తారు, ఇద్దరు వెనక ఉండి ఆపుతారు. బంతి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ముందుకి పరిగెత్తే వేగం నాకు లేదు. వెనక్కి స్కేటు చేయడం మాత్రం ఎందుకో బాగా వచ్చింది. అలా ఆ లీగులో అన్నిటికంటే కింది డివిజన్లో, అన్నిటికంటే కింద ఉన్న జట్టులో నాకు చోటు దొరికింది.

డిఫెన్స్ నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. నేను చేసేది ట్రక్కుల్లో సరుకు సర్దే ప్లానింగ్ పని. సరుకు పేర్చిన ఏ చెక్క ప్యాలెట్ ముందు దిగాలి, ఏ ఇరుసు మీద ఎంత బరువు పడుతుంది, ఇవన్నీ తలలోనే వేసుకుంటాను. కాలేజీలో ఎవరూ నేర్పలేదు. చేసి, తప్పులు దిద్దుకుని వంటబట్టించుకున్నాను. మంచు మీద కూడా నాకు అదే లెక్క కనిపించేది. అవతలివాడి భుజం ఎటు వాలింది, స్టిక్కు ఏ చేతిలో ఉంది, మూలకి పోతాడా, మధ్యకి వస్తాడా అని. చాలావరకు సరిగ్గానే ఊహించేవాణ్ణి. అయినా గోల్స్ పడుతూనే ఉండేవి.

మొదటి మ్యాచ్‌లోనే అలాంటిది ఒకటి పడింది. లొరైన్ మీదికి వస్తున్నవాడు హఠాత్తుగా వెనక్కి తిరిగాడు, ఆమె అటు జారిపోయింది, వాడు ఇటు నుంచి తాపీగా గోల్ కొట్టాడు. బెంచీ మీదికి వచ్చాక లొరైన్ నా వైపు తిరిగింది.

"వాడు తిరుగుతాడని నీకు ముందే తెలుసు కదూ? నీ మొహం చూశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"వాడు స్టిక్కు పట్టు మార్చినప్పుడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"లెక్క సరిచూసుకుంటున్నాను."

ఆమె తిడుతుందనుకున్నాను. నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని పగలబడి నవ్వింది. "మేట్, నీ తలలో లెక్క ఎంత కరెక్టయినా నాకు వినపడదు కదా, అరిచి చెప్పు!" అంది.

అరవమని చెప్పింది సరే, నాకు అరుపే వచ్చేది కాదు. ఆఫీసులో మెయిల్స్ రాసే ఇంగ్లీషు నాకుంది, ప్రమాదంలో నోట్లోంచి దూకే ఇంగ్లీషు లేదు. "మాన్ ఆన్", అంటే నీ మీదికి మనిషొస్తున్నాడు అని అరవడానికి నోరు తెరిచేసరికి ఆ మనిషి దాటిపోయి ఉండేవాడు. రెండు మూడు వారాలు చూసి లొరైన్ ఒక ప్రశ్న అడిగింది.

"మీ అమ్మాయి చిన్నప్పుడు వేడి స్టవ్ మీద చెయ్యి పెట్టబోతే ఏమని అరిచేవాడివి?"

"ఆగు, అని."

"ఏదీ, అలాగే అరువు."

కార్ పార్కులో అరిచాను. రెండు కార్ల అవతల ఎవరో నిజంగానే ఆగారు. లొరైన్ మొహం వెలిగిపోయింది. "నీకు గొంతు ఉంది! ఇంకేం, నువ్వు నీ భాషలోనే అరువు, నేర్చుకునేది నేను" అంది. ఆగు, వెనక, నాది, నీది, వదిలెయ్. ఆ ఐదు మాటలూ ఆ సాయంత్రమే నేర్చేసుకుంది. మా గోలీ డీన్, ప్లంబరు, అతనికీ నేర్పింది. పైగా ఇందులో ఇంకో లాభం ఉందని మురిసిపోయింది. "మనం ఏం చెప్పుకుంటున్నామో అవతలివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. సీక్రెట్ కోడ్, మేట్!"

ఆమె నేర్పిన పాఠాల్లో ఒకటి మా టిఫిన్ డబ్బాతో జరిగింది. మ్యాచ్ అయ్యాక కారు డిక్కీ తెరిచి, ఆమె తెచ్చిన నారింజ తొనలూ, సుజాత కట్టిచ్చిన పులిహోరా అందరం తినేవాళ్ళం. ఒకరోజు లొరైన్ రెండు తొనల్ని డబ్బా వైపు జరుపుతూ అంది. "వీళ్ళిద్దరూ పక్ పట్టుకుని వస్తున్నారు. నేను ఎక్కడో పడిపోయాను. ఈ పులిహోర డబ్బా నువ్వు, ఒక్కడివే. ఎవర్ని ఆపుతావు?"

"పక్ ఉన్నవాణ్ణి."

"అంతే, వాడు పక్కవాడికి పాస్ ఇచ్చేస్తాడు, గోల్." తొన నోట్లో వేసుకుంది. "గోల్ మీదికి కొట్టే షాట్ డీన్‌ది. పాస్ నీది. రెండూ నువ్వే ఆపాలనుకుంటే రెండూ పోతాయి."

"డీన్ ఆపలేకపోతే?"

"అది డీన్ పని, వాడు చూసుకుంటాడు. కానీ పాస్ నువ్వు తీసుకుంటున్నావని వాడికి వినపడాలి. లేకపోతే పాపం వాడు రెండు వైపులా చూస్తూ నిలబడతాడు." డీన్ నోటి నిండా పులిహోరతో తల ఊపాడు.

రెండో సీజన్ చివరికొచ్చేసరికి లొరైన్ మోకాలు మొరాయించింది. మార్పిడి ఆపరేషన్ ఖాయమైంది, ఆ తర్వాత మంచు మీదికి వెళ్ళవద్దని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి కూడా ఆమె నారింజ తొక్క ఒలుస్తూనే చెప్పింది. "నాకు కప్పు వద్దు. మనకి ఎలాగూ రాదు. ఒక్క మ్యాచ్, ఒకే ఒక్క మ్యాచ్, అవతలివాళ్ళకి స్కోరు బోర్డు మీద సున్నా చూసి దిగిపోవాలని ఉంది. గోల్ కొట్టినవాణ్ణి అందరూ గుర్తుపెట్టుకుంటారు. మనం ఆపినవి ఎవరికి గుర్తుంటాయి? ఆ సున్నా ఒక్కటే వాటికి గుర్తు." ఆమె డిఫెన్స్ ఆడిన ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా జరగలేదట. తర్వాత నా హెల్మెట్ మీద తట్టింది. "సున్నా కనిపెట్టింది మీవాళ్ళేగా. తెచ్చిపెట్టు."

ఆఖరి మ్యాచ్ రోజు సుజాత, అన్వి కూడా వచ్చి అద్దాల గోడ అవతల నిలబడ్డారు. ఆట మొదలైన కాసేపటికి అవతలి జట్టు కుర్రాడొకడు లొరైన్ వెనక నుంచి దూసుకొస్తున్నాడు. "వెనకా!" అని అరిచాను. లొరైన్ తిరిగి పక్‌ని దూరంగా కొట్టేసింది. ఆ కుర్రాడు మాత్రం ఆట మధ్యలో నిలబడిపోయి నన్నే చూస్తున్నాడు.

"అన్నా, మీరు తెలుగోళ్ళా? ఎనకాల ఉన్నది నేనే!"

కార్తీక్ అతని పేరు. కరీంనగర్ కుర్రాడు, దేశ రాజధాని శివారు గంగాలిన్ నుంచి కొత్తగా మెల్‌బోర్న్ వచ్చాడు. మళ్ళీ నా పక్కనుంచి జారిపోతూ, "మంచిగ అరుస్తున్రన్నా, మాకు సుత శాన పనికొస్తున్నయి" అని నవ్వాడు.

బెంచీ మీదికి రాగానే లొరైన్ వైపు వంగాను. "అతనికి తెలుగు వచ్చు. అంతా అర్థమవుతోంది. ఇంక అరవకుండా ఆడదాం" అన్నాను. లొరైన్ మోకాలికి ఐస్ అదుముకుంటోంది. "అర్థమైతే అవనీ. నువ్వు అరిచేది వాడికి వినపడకూడదని కాదు, నాకు వినపడాలని. నోరు ముయ్యకు" అంది.

అరుస్తూనే ఆడాం. డీన్ కాళ్ళతో, ఛాతీతో, ఒకసారి ముసుగుతో కూడా ఆపాడు. మా వైపూ సున్నా, వాళ్ళ వైపూ సున్నా. ఆట ముగియబోతుండగా లొరైన్ పక్‌ని ముందుకి నెట్టబోయి మోకాలు మడతపడి కూలిపోయింది. పక్ కార్తీక్‌కి దొరికింది. అతని పక్కన ఇంకొకడు. వెనక్కి జారుతూ నేనొక్కణ్ణే. నారింజ తొనలు రెండు, పులిహోర డబ్బా ఒకటి.

కార్తీక్ భుజం పాస్ వైపు వాలింది. కాదు, షాట్ వైపా? లెక్క తేలలేదు. తేలేదాకా ఆగలేదు. గొంతు చించుకుని అరిచాను. "డీన్! పాస్ నాది! పాస్ నాదీ!" అరుస్తూనే ఇద్దరి మధ్యా అడ్డంగా మంచు మీద పడుకున్నాను.

ఆ మాట కార్తీక్‌కీ అర్థమైంది. అర్థమయ్యే పాస్ ఆలోచన మానుకున్నాడు. పాస్ మానుకున్నవాడికి షాట్ తప్ప మిగిలేదేముంది? డీన్‌కీ అర్థమైంది కాబట్టి రెండో వైపు కన్నెత్తి చూడలేదు. కాళ్ళు బిగించి షాట్ కోసమే కాచుకున్నాడు. పక్ అతని గ్లవ్‌లో పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ వెంటనే బజరు మోగింది.

ఒక్క గోలూ పడని మ్యాచ్‌కి అంత సంబరం ఆ రింకు ఎప్పుడూ చూసి ఉండదు. మంచు మీద కూర్చునే లొరైన్ స్కోరు బోర్డు వైపు రెండు చేతులూ ఎత్తింది. నేనూ డీనూ చెరో రెక్కా పట్టి లేపబోతే, "ఆగు, ఆగు! ఇంకాసేపు చూడనీ" అంది, తెలుగులోనే. కార్తీక్ వచ్చి నా భుజం చరిచాడు. "బోల్తా కొట్టిచ్చిన్రు గద అన్నా! పాస్ నాదంటే నమ్మి షాట్ కొట్టిన." ఆ సాయంత్రం పులిహోర డబ్బా ఖాళీ చేసింది కూడా అతనే.

లొరైన్‌కి ఇప్పుడు కొత్త మోకాలు. ఆడదు కానీ వస్తుంది, అద్దాల గోడ అవతల నిలబడి, ఎవరు ఎక్కడున్నా "వెనకా!" అని అరుస్తుంది. ఈ సీజన్లో మా జట్టుకి మారిన కార్తీకే నా జోడీ. అతని అరుపులు అతని యాసలో, నావి నా యాసలో. గిడ్డంగిలోనూ నేనిప్పుడు లెక్క పూర్తిగా తేలేదాకా గొణుక్కుంటూ కూర్చోను. ట్రక్కు వెనక బరువు ఎక్కువవుతోందని అనిపించిన క్షణమే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వాళ్ళకి వినపడేలా చెబుతాను. ఒక్కోసారి నా అనుమానం తప్పవుతుంది. నవ్వుతారు, నవ్వుతాను, ట్రక్కు కదులుతుంది.

ఇవాళ బ్యాగు భుజాన వేసుకుని కారు వైపు నడుస్తుంటే లోపల కుక్కరు కూత వేసింది. సుజాత మేడ మీద ఉంది. అలవాటుగా కేకేశాను. "నాదీ!"

"నో డాడ్, గో, యూ ఆర్ లేట్! వదిలెయ్! నాదీ!" అంటూ అన్వి మెట్ల మీంచి దడదడా దిగింది.

ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. అది నోరు తెరిచి చెప్పే తెలుగు మాటలు కొన్నే. అవి నా దగ్గర నేర్చుకున్నవి కావు. అద్దాల గోడ పక్కన, లొరైన్ పక్కన నిలబడి నేర్చుకున్నవి. యాస కూడా ఆమెదే.