చదవడం రాదని రాసిచ్చిన మా నాయిన

మొన్న ఆదివారం పొద్దున మా తూంకుంట కాలనీలో ఎదురింటి వదినగారు, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషి, మిఠాయి డబ్బాతో మా గడప ఎక్కి, వాళ్ల అబ్బాయి ఏదో ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ కోర్సుకు పరీక్ష రాస్తే స్కాలర్‌షిప్ వచ్చిందని, ఫీజు సగానికి పైగా తగ్గించారని, ఇంక ఫోన్‌లోనే ఒక సంతకం పెట్టడం మిగిలిందని సంబరంగా చెప్పింది. నేను మిఠాయి చేతిలోకి తీసుకున్నాను గానీ నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆ పరీక్ష రాసి స్కాలర్‌షిప్ రానివాళ్లు ఒక్కరైనా ఉన్నారేమో ముందు కనుక్కోండి, సంతకం సంగతి తర్వాత చూద్దురు గానీ అని కాస్త గట్టిగానే అనేశాను. ఆమె మొహం చిన్నబోయింది. అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత బాధ వేసింది. కానీ ఏం చేయను, ఇన్నేళ్లయినా స్కాలర్‌షిప్ అన్న మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పుకోవడానికి మన ఈడువాళ్లకంటే తగినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ రోజుల కంప్యూటర్ పిచ్చి మీరూ చూసినవాళ్లే.

మాది గౌడవెల్లి. నాయిన మేడ్చల్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీకి రోజూ సైకిల్ మీద పోయివచ్చేవాడు. చిన్నప్పుడు బడి మొహం చూడని మనిషి. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుని, నా పక్కన చాప మీద కూర్చుని నా పలక మీదే అక్షరాలు దిద్దాడు. దకు, థకు తేడా ఏమిటని, పలికేటప్పుడు లేని పొట్టలో చుక్క రాసేటప్పుడు ఎందుకని నన్ను సతాయించి చంపేవాడు. నేను పంతులమ్మలాగా స్కేలు పట్టుకుని గదమాయిస్తే మా అమ్మ నవ్వి నవ్వి పొయ్యి దగ్గర కూలబడేది. ఏడాది తిరిగేసరికి బస్సుల మీది ఊళ్ల పేర్లు, గోడల మీది రాతలు, శనగలు కట్టిచ్చిన కాగితం పొట్లాలు ఏవీ వదలకుండా పైకి చదవడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో జీతాల రోజున పక్కవాళ్లు ఇంకు డబ్బాలో వేలు ముంచుతుంటే నాయిన జేబులోంచి పెన్ను తీసి సంతకం చేసేవాడు. వాడకట్టులో ఎవరికి ఆఫీసు కాగితం వచ్చినా మా అరుగు మీదికే తెచ్చేవారు. ఆయన ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివి, అర్థం చెప్పి, చివర గొంతు సవరించుకునేవాడు. ఆ గొంతు సవరింపులో ఎంత గర్వం ఉండేదో మాకు మాత్రమే తెలుసు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మేడ్చల్‌లో బస్టాండ్‌కు కాస్త ఇవతల, ఎరువుల దుకాణం పై అంతస్తులో అద్దాల తలుపులతో ఒక కంప్యూటర్ సంస్థ వెలిసింది. పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడు దాని ఆనవాళ్లు లేవు. టై కట్టుకున్న ఇద్దరు మా కాలేజీకి వచ్చి, తెలివితేటల పరీక్ష అని ఒక కాగితం ఇచ్చి గుర్తులు పెట్టించుకుని పోయారు. పదిరోజులకు ఇంటికి పోస్టులో కవరు వచ్చింది. అందులో ఉన్నదంతా ఇంగ్లీషే అయినా స్కాలర్‌షిప్ అన్న మాట ఒక్కటి లావు అక్షరాలతో ఉంది. నేను చదివి చెప్పగానే నాయిన సైకిల్ వేసుకుని పోయి కిలో బూందీ తెచ్చి ఇల్లిల్లూ తిరిగి పంచాడు.

ఆయన పొరపాటు ఏమిటో చెబుతాను. మా పెద్దనాయిన కొడుకు సర్కారు హాస్టల్‌లో చదివేవాడు. ఏడాదికోసారి రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి స్కాలర్‌షిప్ డబ్బులు తెచ్చుకునేవాడు. నాయిన తోడుపోయి ఆ తంతు కళ్లారా చూసి ఉన్నాడు. ఆయనకు తెలిసిన స్కాలర్‌షిప్ అదొక్కటే. స్టాంపు మీద సంతకం పెడితే పిల్ల చదువుకు వాళ్లే డబ్బులిస్తారని, నా తెలివి చూసి నన్ను ఎంచుకున్నారని మనస్ఫూర్తిగా నమ్మాడు. పరీక్ష రాసిన ప్రతి ఒక్కరికీ ఆ కవరు వెళ్లిందని, అసలు ఉన్నదానికి రెండింతలు ఫీజు రాసి సగం తగ్గించామనడమే వాళ్ల స్కాలర్‌షిప్ అని మాకెవరు చెప్పాలి?

ఇంటర్ మెమో చేతికి వచ్చాక మేం వెళ్లిన రోజు చెప్పులు బయట విడిచి, ఏసీ చల్లదనానికి భుజాలు ముడుచుకుని కూర్చున్నాం. ఒక మేడమ్ నాయినను సార్ అని పిలిచి చల్లని నీళ్లిచ్చింది. ఆయన్ను సార్ అని పిలిచిన మొదటి మనిషి ఆమేనేమో. మొదటి కిస్తీ ముందు కట్టాలని, స్కాలర్‌షిప్ తర్వాత అందులో సర్దుబాటు అవుతుందని చెప్పి, నా పదో తరగతి, ఇంటర్ అసలు మెమోలు ఉద్యోగం ఇప్పించడానికి కావాలని అడిగి తీసుకుంది. తర్వాత నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ముందు పెట్టింది. చివర రెవెన్యూ స్టాంపు అంటించి ఉంది. ఆ స్టాంపు చూడగానే నాయిన మొహం విప్పారింది. పెన్ను తీసి, పేరులో ఒక్క దీర్ఘం కూడా పోకుండా నింపాదిగా సంతకం చేశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు కదా! నేనెందుకు చదవలేదు? అద్దం అవతల ప్లాస్టిక్ కవర్లు కప్పిన కంప్యూటర్లను నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. వాళ్ల మీద ఎంత కోపమో, ఆ రోజు అలా కూర్చున్న నా మీద అంతకంటే ఎక్కువ కోపం నాకు.

చదువు సంగతి చెప్పాలంటే ఆరుగురికి ఒక కంప్యూటర్. వారానికి రెండు రోజులు పాఠం చెప్పేవాడు రాడు, వచ్చిన రోజు కరెంటు ఉండదు. రెండు నెలలకు నేను నేర్చుకున్నది నా పేరు రకరకాల అక్షరాల్లో కొట్టుకోవడం. అంతలో టీచర్ ట్రైనింగ్ పరీక్షలో నాకు మంచి ర్యాంకు వచ్చింది. పది రోజుల్లో అసలు మెమోలతో వస్తే సీటు ఇస్తామని ఉత్తరం వచ్చింది. నేను ఎగురుకుంటూ మేడ్చల్ పోయి మెమోలు అడిగాను. సెంటర్ సార్ బీరువాలోంచి ఆ నాలుగు పేజీలు తీసి మూడో పేజీలో చిన్న అక్షరాలు చూపించాడు. కోర్సు ఏడాదిన్నర, మధ్యలో మానేస్తే మిగతా ఫీజంతా ఒకేసారి కట్టాలి, కట్టేదాకా మెమోలు వాళ్ల దగ్గరే. అంత డబ్బు మా ఇంట్లో కాదు, మా వాడకట్టు మొత్తం మీద లేదు. నాయిన మూడు రోజులు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోయి, చెప్పులు విడిచిన చోటే నిలబడి వచ్చాడు. ఈసారి ఎవరూ సార్ అనలేదు, నీళ్లూ ఇవ్వలేదు.

సంగతి తెలిసి శామీర్‌పేట నుంచి మా మేనత్త వచ్చింది. నాయినకు అక్క, ద్రాక్షతోటల్లో కూలి పని చేసే మనిషి. ఆమె కోపం మా ఇంటావంటా ఎవరికీ లేదు. పొద్దున్నే సద్ది కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పోయి, చెప్పులతోనే లోపలికి నడిచి, మెత్తటి కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అరవలేదు, తిట్టలేదు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ ఒకటే అడిగింది, “మీ పోరనికి గూడ స్కాలర్‌షిప్ వచ్చిందా తమ్మీ?” వచ్చిందని వాళ్లు మురిసిపోతూ చెప్పగానే, మా పిల్లకూ వచ్చింది, నిన్న వచ్చినోళ్ల పిల్లకూ వచ్చింది అని నింపాదిగా లెక్క చెప్పేది. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మెల్లగా మెట్లు దిగిపోయేవారు. సార్ వచ్చి కసిరితే, “రానోళ్లను ఒక్కర్ని జూపియ్యుండ్రి సార్, గిప్పుడే లేసి పోత” అంది. రెండో రోజు సాయంత్రానికి ఆ సార్ టై వదులు చేసుకున్నాడు. మూడో రోజు నాయినను పిలిపించమన్నాడు. సీటుకు ఇంకా రెండే రోజులు ఉన్నాయి.

నాయిన సంతకమున్న ఆ నాలుగు పేజీలు తీసేసి ఒప్పందం రద్దు చేస్తానన్నాడు. కట్టిన కిస్తీ తిరిగి ఇవ్వను, మెమోలు మాత్రం ఇస్తాను, అయితే తన పైవాళ్లకు చూపించుకోవడానికి ఒక కాగితం కావాలన్నాడు. అది ముందే తెలుగులో రాసి పెట్టుకున్నాడు. సంస్థ వారు అన్నీ వివరంగా చెప్పారు, నాకు చదవడం రాయడం రాదు కనుక నాకే అర్థం కాలేదు, తప్పంతా నాదే, అని. కింద సంతకం కూడా వద్దన్నాడు. చదువురానివాడు గనుక వేలిముద్ర ఉంటేనే నమ్ముతారట!

నాయిన ఆ కాగితం అందుకుని చదివాడు. ఆయన పెదవులు కదలడం, చూపు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు దిగడం నేను చూశాను, అత్త చూసింది, ఎదురుగా కూర్చున్న ఆ సార్ కూడా చూశాడు. చదివి, తలెత్తి, “ఇంగ్లీషు రాదని రాయుండ్రి సార్. తెలుగు వస్తది నాకు. నా బిడ్డనే నేర్పింది” అన్నాడు. సార్ తల అడ్డంగా ఊపాడు. చదవడం వస్తుందని ఒప్పుకుంటే చదివే సంతకం పెట్టారని అర్థం అవుతుందండీ, అప్పుడు రద్దు కుదరదు, ఇక మీ ఇష్టం అన్నాడు. అత్త లేచి ఆ కాగితం చింపబోయింది. నాయిన ఆమె చేయి పట్టుకుని ఆపి, నా వైపు ఒకసారి చూసి, ఇంకు ప్యాడ్ మీద ఎడమచేతి బొటనవేలు అద్ది, చదవడం రాదన్న మాట కింద నొక్కాడు. వద్దు నాయినా అని నేను అనలేదు. నాకు సీటు కావాలి. అనలేదు కాబట్టే ఈ కోపం ఇన్నేళ్లూ చల్లారకుండా నాలోనే ఉండిపోయింది.

మెమోలు వచ్చాయి, సీటు వచ్చింది, తర్వాత ఉద్యోగమూ వచ్చింది. పిల్లలకు అ ఆలు దిద్దించే ఉద్యోగం. కానీ నాయిన జేబులో పెన్ను పోయింది. అరుగు మీదికి ఎవరైనా కాగితం తెస్తే కళ్లు మసకలని చెప్పి తిప్పి పంపేవాడు. ఫ్యాక్టరీలో జీతాల రోజున ఇంకు డబ్బాలో వేలు ముంచితే గుమాస్తా, తోటివాళ్లు పగలబడి నవ్వారట. ఈ సంగతి అమ్మ చెప్పింది. సంతకం ఎందుకు మానేశాడంటే, తాను సంతకం చేస్తుండగా ఎవరైనా చూసి ఆ సార్‌కు చెబితే, ఇచ్చిన కాగితం అబద్ధమని తేలి నా సీటు పోతుందని ఆయన భయం. ఎక్కడి కంప్యూటర్ సెంటర్, ఎక్కడి సర్కారు సీటు! అయినా ఆయన మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి.

రెండు మూడేళ్లకు ఆ సంస్థకు తాళం పడింది. ఎందరి మెమోలు ఆ బీరువాలో ఉండిపోయాయో, వాళ్ల చదువులు ఏమయ్యాయో తెలియదు. సార్ ఫోన్ కూడా ఎవరికీ దొరకలేదట. నేను పరుగున ఇంటికి వచ్చి, కొత్త పెన్ను కొనుక్కొచ్చి నాయిన చేతిలో పెట్టాను. ఇంకెవరికి భయపడాలి, ఇంక నీ సంతకం నువ్వు చేసుకో అన్నాను. ఆయన పెన్ను అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చాడు. “ఆల్లు యాడికన్న పోనియ్యి బిడ్డా. నేనైతే రాసిచ్చిన గద” అన్నాడు. ఒక దొంగకు ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు మా నాయిన. నాలుగు పేజీల్లో ఒక్క ముక్క నిజం రాయని ఆ మనిషికి ఇచ్చిన మాట మీద, బతికినన్నాళ్లూ నిలబడ్డాడు. బ్యాంకులో, పట్వారీ దగ్గర, చివరికి నా పెళ్లి రిజిస్టరులో కూడా వేలే పెట్టాడు. పంతులమ్మ తండ్రికి సంతకం రాదా అని అక్కడెవరో అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు కాలం మారింది. మా బడిలో హాజరుకు యంత్రం పెట్టారు, రోజూ పొద్దున హెడ్మాస్టర్ మొదలు మేమంతా వరుసగా దాని మీద వేలు ఆనించి లోపలికి పోతాం. బడి పక్క రేషన్ షాపులోనూ అంతే, డిగ్రీలు చదివిన కోడళ్లు, పింఛను తీసుకునే పెద్దలు అందరూ వేలే పెడుతున్నారు, సంతకం అడిగే దిక్కు లేదు. ఆ యంత్రాలు రాకముందే నాయిన పోయాడు. ఇంకొన్నేళ్లు ఉండి ఉంటే ఆయనా ఆ వరుసలో నిలబడి వేలు పెట్టేవాడు, ఆయన్ని చూసి ఒక్కరు కూడా నవ్వేవారు కాదు.