పెళ్లిచూపుల పూట రంగేసుకున్నాను

2021 ఫిబ్రవరి 6, శనివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లోని మా ఇంట్లో జుట్టుకు రంగు వేసుకున్నాను. లాక్‌డౌన్‌లో సెలూన్లు మూసేశారు. మూడింటికేమో మనవరాలు శ్రావ్యకు వీడియోలో పెళ్లిచూపులు. ముందు చెవి వెనక రాసి రెండు రోజులు చూడమని ప్యాకెట్ మీద ఉంది. నల్ల గోరింటాకు పొడికి పరీక్షేమిటని కనుబొమలకూ పట్టించాను.

రెండున్నరకల్లా నెత్తి మండి, ముఖం పూరీలా పొంగింది.

"అమ్మమ్మా, డాక్టరుకి ఫోన్ చేస్తున్నా," అంది శ్రావ్య.

"ముందు పెళ్లివారు!" అంటూ మాస్కు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

వరంగల్ నుంచి అబ్బాయి నాయనమ్మ అనుమానంగా చూసింది. "ఇంట్లో మాస్కేంది వదినా? కరోనా దాస్తున్నరా?"

సంబంధం చెడుతుందని రెండూ తీసేశాను. అటువైపు చంటిపిల్ల కెవ్వుమంది.

అబ్బాయి మాత్రం ముందుకు వంగాడు. "అమ్మమ్మగారూ, ఊపిరి ఆడుతోందా? చూపులు రేపు చూసుకుందాం, ముందు ఆస్పత్రికి పోండి."

"ఇతను నాకు ఓకే," అంది శ్రావ్య, కారు తాళాలు వెతుకుతూ.

పొడిలో గోరింటాకు కన్నా రసాయనమే ఎక్కువట. వాపు నాలుగో రోజుకు తగ్గింది. పోయినవి: ఎడమ కనుబొమ, గుప్పెడు జుట్టు, తెల్ల తువ్వాలు ఒకటి.